ఎర్ర తివాచీ గురించి వాళ్లే రాసుకుంటారు

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. అంతర్జాతీయ చలనచిత్రోత్సవం వల్ల ఒక నగరానికి ఒరిగేదేమిటని మంచి ప్రశ్నతోనే మొదలుపెట్టావు. ఆ తర్వాత నాలుగు పేరాలు ఎన్ని దేశాల సినిమాలొచ్చాయి, ఏ తార దీపం వెలిగించింది, హోటళ్లు ఎలా నిండిపోయాయి అంటూ సాగాయి. నిర్వాహకుల ప్రెస్ నోట్‌లో ఇదంతా ఉంటుంది, నువ్వెందుకు? హోటల్ గదుల లెక్కతో సంస్కృతిని వెనకేసుకొస్తే, రేపు ఏ క్రికెట్ మ్యాచో అంతకంటే ఎక్కువ గదులు నింపినప్పుడు నీ దగ్గర జవాబుండదు.

నన్నడిగితే చిత్రోత్సవం చేసే అసలు పని ప్రేక్షకుల్ని తయారుచేయడం. దర్శకుడి పేరు వినని, కథ తెలియని, ఏ భాషో కూడా తెలియని సినిమాకి పొద్దున్నే వచ్చి క్యూలో నిలబడేవాళ్లని. బయటికొచ్చాక బాగుందనో, తలనొప్పి అనో మెట్ల మీదే పోట్లాడుకునేవాళ్లని. ఉత్సవం ముగిశాక మిగతా ఏడాదంతా నగరానికి మిగిలేది వాళ్లే. నీ వ్యాసంలో వాళ్లొక్కరూ లేరు.

తిరువనంతపురం సంగతి చూడు. ఇప్పుడు అక్కడ జరిగే కేరళ చిత్రోత్సవం మొదలైంది 1996లో. కానీ 1965లోనే, తర్వాత పెద్ద మలయాళ దర్శకుడైన అదూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు అక్కడ చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు, అంటే మంచి సినిమాలు తెప్పించుకుని కలిసి చూసే సంఘం. తర్వాత ఆ రాష్ట్రంలో చిన్న ఊళ్లకి కూడా సొసైటీలు పాకాయి. అద్దె ప్రొజెక్టర్లతో, అరువు తెచ్చిన ప్రింట్లతో చూడటం నేర్చిన జనం ఉన్నారు కనకే అక్కడ హాళ్లు నిండుతాయి, ప్రేక్షకులు ఓటేసి ఇచ్చే బహుమతికి విలువ ఉంటుంది. డబ్బుంటే ఉత్సవం ఏ నగరమైనా చేయగలదు. ఆ ముప్పై ఏళ్ల నేపథ్యాన్ని మాత్రం కొనలేదు. కాబట్టి నీ నగరంలో ఫిల్మ్ క్లబ్బులున్నాయా, వాటిని నడిపేవాళ్లకి ఉత్సవ కమిటీలో చోటుందా అని ముందు తెలుసుకో.

1952 గురించి రాసింది బాగుంది. మన దేశపు మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం ఆ జనవరిలో బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వెళ్లింది. ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’, జపాన్ సినిమా ‘రషోమాన్’ ఇక్కడివాళ్ల కళ్లబడ్డాయి. మరుసటేడు వచ్చిన బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ మీద ఆ ఇటాలియన్ సినిమా ప్రభావం ఎంతుందో తెలిసిందే. కానీ సత్యజిత్ రాయ్ కూడా దాన్ని ఆ ఉత్సవంలోనే మొదటిసారి చూశాడని రాశావు. ఆయన 1950లోనే లండన్‌లో చూసేశాడు. ముచ్చటగా అతికే కథ కనిపిస్తే రెండుసార్లు సరిచూసుకో.

‘కళకు ఎల్లలు లేవు’ అన్న వాక్యం కొట్టేశాను, ఏమనుకోకు. ఇటలీలోని వెనిస్ ఉత్సవం 1932లో పుట్టింది. కొన్నేళ్లకే అక్కడి పెద్ద బహుమతులకి ఆ దేశపు నియంత ముస్సోలినీ పేరు పెట్టారు. 1938లో ఆ బహుమతి నాజీ జర్మనీ తీయించిన ఒలింపిక్స్ చిత్రానికీ, ఒక ఫాసిస్టు ఇటలీ చిత్రానికీ దక్కింది. అది చూసి ఒళ్లు మండిన ఫ్రెంచివాళ్లు తమ దేశంలోని కాన్‌లో వేరు కుంపటి పెట్టాలనుకున్నారు. 1939 సెప్టెంబరులో జరగాల్సింది రెండో ప్రపంచ యుద్ధంతో ఆగి 1946కి గానీ కుదరలేదు. (చేతన్ ఆనంద్ హిందీ సినిమా ‘నీచా నగర్’ అక్కడ పెద్ద బహుమతి పంచుకున్నది ఆ ఏడే.) రాజకీయం చిత్రోత్సవానికి పుట్టుకతోనే ఉంది. కనక సినిమాలు ఎంపిక చేసిందెవరు, ఏవి పక్కన పెట్టారు, వేస్తామని చెప్పి ఏది వేయలేదు అని అడగడానికి మొహమాటపడకు. పాస్ ఇచ్చారన్న మొహమాటం విమర్శకుడికి అస్సలు పనికిరాదు.

బోస్నియా రాజధాని సరయేవోని రెండు వాక్యాల్లో తేల్చేశావు. దాన్ని పెంచు. 1995లో, బోస్నియా యుద్ధంలో సెర్బు సేనల ముట్టడి ఇంకా పూర్తిగా ఎత్తేయకముందే, సరయేవో చిత్రోత్సవం మొదలైంది. మూడేళ్లకు పైగా తూటాల వర్షం కింద బతికిన ఊరది. నీళ్లకీ కరెంటుకీ కటకటలాడిన జనం సినిమాకొచ్చి కూర్చున్నారు. వాళ్లు ఏ పర్యాటకుల్ని రప్పించడానికి ఆ ఉత్సవం పెట్టినట్టు? నీ హోటల్ లెక్కల పక్కన ఈ ప్రశ్న పెట్టి చూడు.

ఇంకొకటుంది, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. సబ్‌టైటిళ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. నగరం పేరు మీద జరిగే పండగలో, ఇంగ్లిష్ చదవలేని నగరవాసి గుమ్మం బయటే ఆగిపోతున్నాడు. స్థానిక భాషలో సబ్‌టైటిళ్లు వేయడం ఖర్చుతో కూడిన పనే, కానీ అసాధ్యమేం కాదు. దీని మీద ఒక పేరా కాదు, వ్యాసంలో సగం రాసినా చదువుతాను. నిర్వాహకుల్ని కలిసి, ఎన్ని సినిమాలకి వేశారో, వేయకపోతే ఎందుకు వేయలేదో కనుక్కుని అప్పుడు రెండో చిత్తుప్రతి పంపు.

ఆశీస్సులతో.