ఈత కొలను నీటిని పక్క స్థలంలోకి వదిలే హక్కు ఉంటుందా?

ప్రశ్న: విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో కొండవాలు మీద మా ఇల్లు ఉంది. పెరట్లో ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న ఈత కొలను కట్టించుకున్నాం. ఆరేళ్లుగా నీళ్లు మార్చినప్పుడల్లా పైపు ద్వారా దిగువనున్న ఖాళీ స్థలంలోకి వదులుతున్నాం. అప్పటి యజమాని నోటిమాటగా సరేనన్నారు. నిరుడు ఆయన స్థలం అమ్మేశారు. కొన్నవారు కొబ్బరి మొక్కలు నాటారు. మా నీటి వల్ల పన్నెండు మొక్కలు చచ్చిపోయాయని, బావి నీరు పాడైందని, మూడు లక్షల రూపాయలు చెల్లించి ఇకపై నీరు వదలడం మానుకోవాలని లాయరు నోటీసు పంపారు. అందులో రైలాండ్స్ కేసును ఉదహరించారు. ఇప్పుడు కొలనులో స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు) 150 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 150 పాళ్లకు చేరిందని, మూడింట రెండు వంతుల నీరు తీసేయక తప్పదని టెక్నీషియన్ అంటున్నాడు. వాన నీరు ఎలాగూ అటే పోతుంది కదా, మా నీరు పోతే తప్పేమిటి?

జవాబు: మీ వాదనకంతటికీ ఆధారం ఆ చివరి వాక్యమే. చట్టం ముందు నిలవనిది కూడా అదే. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పరుల స్థలంపై ఉండే వాడుక హక్కుల) చట్టంలో సెక్షన్ 7 కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఎగువ భూమి యజమానికి ఒక హక్కు చెప్పారు. ఆ భూమిలో సహజంగా ఊరిన నీరు గానీ, దానిపై సహజంగా పడిన నీరు గానీ, ఏర్పడిన కాలువంటూ లేకుండా పల్లానికి జారిపోతుంటే దిగువవారు దానిని అడ్డుకోకూడదు. అక్కడ ముఖ్యమైన మాట ‘సహజంగా’ అన్నది. బోరు నుంచి తోడి, సిమెంటు తొట్టిలో నిలవ చేసి, మందులు కలిపి, మోటారు పెట్టి పైపు ద్వారా వదిలిన నీరు ఆ మాట కిందికి రాదు.

ఆరేళ్లుగా వదులుతున్నామన్నది కూడా మిమ్మల్ని కాపాడదు. దీర్ఘకాల వాడకం వల్ల ఈజ్‌మెంటు హక్కు రావాలంటే సెక్షన్ 15 ప్రకారం ఇరవై ఏళ్ల పాటు, బహిరంగంగా, తగాదా లేకుండా, ఎడతెగకుండా, హక్కుగా అనుభవించి ఉండాలి. మీరు అడిగి, ఆయన ఒప్పుకుంటే వదిలారు కనుక, ఇరవై ఏళ్లు గడిచినా అది హక్కుగా అనుభవించినట్లు కాదు. పాత యజమాని ఇచ్చినది చట్టం భాషలో లైసెన్సు, అంటే కేవలం అనుమతి. అనుమతి ఇచ్చినవారు ఆస్తిని అమ్మేస్తే కొన్నవారు దానికి కట్టుబడనక్కర లేదని అదే చట్టంలోని సెక్షన్ 59 చెబుతోంది. అందుచేత రిజిస్ట్రేషన్ జరిగిన నాటి నుంచి మీ పైపుకు అనుమతి లేనట్టే. పాత యజమాని చేత ఇప్పుడు కాగితం రాయించుకుంటే ఉపయోగం ఉంటుందా అని చాలామంది అడుగుతుంటారు. ఉండదు.

ఇక రైలాండ్స్ కేసు సంగతి. ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తవ్వించిన జలాశయం నుంచి నీరు పొరుగువారి బొగ్గు గనిలోకి చేరింది. ఒకరు తమ అవసరం కోసం భూమిలో అసహజంగా నిలవచేసిన, తప్పించుకుపోతే హాని చేయగల వస్తువు బయటపడితే, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా వారే బాధ్యులని 1868లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఈ సూత్రానికి మన దేశంలో ఒక మినహాయింపు వచ్చింది. అది చిత్తూరు ప్రాంతపు కార్వేటినగరం జమీందారు చెరువుల కేసులోనే వచ్చింది. ఆ చెరువులు తెగి రైల్వే కంపెనీకి నష్టం కలిగితే, అవి పూర్వకాలం నుంచి ప్రజల సాగుకు ఆధారమైనవని, వాటిని నిలపడం జమీందారు విధి అని, నిర్లక్ష్యం లేనప్పుడు ఆయన బాధ్యుడు కాడని 1874లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లోని చివరి అప్పీలు న్యాయస్థానం) తీర్పు చెప్పింది. పదిమంది పొలాలు తడిపే చెరువుకు దొరికిన ఆ రక్షణ సొంత సరదాకు కట్టుకున్న కొలనుకు దొరుకుతుందని ఆశించకండి. నిజానికి నోటీసు రాసిన లాయరుగారికి రైలాండ్స్ అంత అవసరమే లేదు. ఆ కేసు దానంతట అదే తప్పించుకుపోయిన నీటి గురించి. మీరేమో తెలిసి పైపు వేసి వదిలారు. అది నేరుగా పరుల స్థలంలో అతిక్రమణ అవుతుంది.

అయితే వదలడం తప్పైనంత మాత్రాన మూడు లక్షలూ ఇవ్వాలని కాదు. మొక్కలు మీ నీటి వల్లే చచ్చిపోయాయని రుజువు చేసే భారం వాదిదే. కొబ్బరి ఉప్పును కొంత ఓర్చుకునే చెట్టు. అయినా లేత మొక్కల మొదట్లో వేల లీటర్లు నిలిస్తే వేళ్లు కుళ్లవచ్చు. సముద్రతీరపు బావిలో ఉప్పదనానికి వేరే కారణాలూ ఉంటాయి. బావి నీటి పరీక్ష నివేదిక, మొక్కల ఫోటోలు, కొన్న రసీదులు పంపమని మీ జవాబులో అడగండి. మీ టెక్నీషియన్ రాసిన రీడింగుల పుస్తకం ఉంటే భద్రంగా దాచండి. క్లోరిన్, పీహెచ్, స్టెబిలైజర్ అంకెలు తేదీలతో సహా ఉన్న అలాంటి పుస్తకం కోర్టులో చాలా విలువైనది. అందులో ఇప్పుడు కొత్త పేజీలు రాయించకండి. సిరా తేడా క్రాస్ ఎగ్జామినేషన్‌లో తెలిసిపోతుంది. ఫోన్ ఫోటోలను దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేయాలి.

నీరు మార్చక తప్పదన్న మాట నిజమే. క్లోరిన్ బిళ్లలతో పాటు చేరే స్టెబిలైజర్ ఎండకు పోదు, ఆవిరి కాదు. పాత నీటిలో కొంత తీసి కొత్త నీరు కలపడమే మామూలు దారి. మీ కొలను నీరు సుమారు 44,800 లీటర్లు. 150ని 50కి దించాలంటే దాదాపు 30,000 లీటర్లు బయటికి పోవాలి. ఎండలో నాలుగు రోజులు ఉంచితే క్లోరిన్ పోతుందని అందరూ చెబుతారు గానీ, స్టెబిలైజర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఎండ క్లోరిన్‌ను అంత త్వరగా విరగ్గొట్టలేదు. అందువల్ల క్లోరిన్‌ను విరిచే థయోసల్ఫేట్ వేయించి, పరీక్ష కిట్‌తో క్లోరిన్ సున్నా అని చూసి, ఆ రీడింగును ఫోటో తీసిన తర్వాతే నీరు కదపండి. మీ పెరట్లోనే రోజుకు కొన్ని వేల లీటర్ల చొప్పున ఇంకనివ్వడం, మిగిలినది ట్యాంకరుతో పంపించి రసీదు తీసుకోవడం అన్నిటికన్నా క్షేమం. నగరపాలక సంస్థ కాలువలోకి వదలాలనుకుంటే లిఖితపూర్వక అనుమతి ముందుగా తీసుకోండి. 1974 నాటి జల కాలుష్య చట్టం సెక్షన్ 24 తెలిసి కాలుష్య పదార్థాన్ని వాగులోకే కాక బావిలోకి, మురుగుకాలువలోకి, నేల మీదికి వదలడాన్ని కూడా నిషేధిస్తోంది. రోడ్డు మీదికి వదిలి నలుగురికీ ఇబ్బంది కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత (నేరాల చట్టం) సెక్షన్ 270 కింద పబ్లిక్ న్యూసెన్స్ అవుతుంది. దానికి సెక్షన్ 292 ప్రకారం జరిమానా వెయ్యి రూపాయలు మించదు గానీ, భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ ప్రక్రియ చట్టం) సెక్షన్ 152 కింద, ఆ ఇబ్బందిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ‘కూలికి పెట్టిన మనిషి వదిలాడు, నాకు తెలియదు’ అనే మాట మీ విషయంలో చెల్లదు. పైపు మీదే. మరొకటి, ఇది చట్టం కాదు, అనుభవం: వానాకాలంలో కొలను మొత్తం ఖాళీ చేయించకండి. కింద భూగర్భజలం ఒత్తిడికి ఖాళీ తొట్టి పైకి లేచి పగిలిన సందర్భాలున్నాయి.

నోటీసుకు జవాబు ఇచ్చి తీరాలన్న నియమం లేకపోయినా, మౌనాన్ని రేపు ఒప్పుకోలుగా చూపించే అవకాశం ఉంది. నష్టాన్ని గానీ, దాని కారణాన్ని గానీ ఒప్పుకోకుండా, ఇకపై ఆ స్థలంలోకి నీరు వదలబోమని, ఇరువురి సమక్షంలో బావినీ మొక్కలనూ చూసుకుందామని రాయండి. పొరుగువారితో రాజీకి వీలుంటే, దావా పడకముందే న్యాయ సేవల సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు. అక్కడి అవార్డు (తీర్మానం) కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. పొరుగువారు దావా వేసి, మీకు నోటీసు లేకుండానే తాత్కాలిక ఇంజంక్షన్ (నీరు వదలకుండా ఆపే ఉత్తర్వు) తెచ్చుకునే వీలుంది కాబట్టి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద వెంటనే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోర్టుకు ముందుగా ఇచ్చే వినతి) వేయించండి. అది తొంభై రోజులు అమలులో ఉంటుంది. ఆ లోగా దావా పడకపోతే మళ్లీ వేయించాలి. నోటీసుకు జవాబు పంపే రోజునే ఆ పైపు చివర క్యాప్ బిగించి, తేదీ పడేలా ఫోటో తీసి, దాని ప్రతిని జవాబుకు జత చేయండి.