ట్యూబు నీ కళ్ల ముందే తిరగాలి

అల్లుడా,

దసరా నాడు అందరం జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే నువ్వొక్కడివే టోపీ తీయలేదు, అప్పుడే అనుమానం వచ్చింది నాకు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "అన్నా, వీడు నెత్తికి రక్తం సూదులు వేయించుకుంటాడట, హన్మకొండల ఎవరో ఆరు సిట్టింగుల ప్యాకేజీ చెప్పిండ్రట, రేపో ఎల్లుండో పైసలు కడతాడట" అని ఒకటే టెన్షన్. 27 ఏండ్లకే నుదురు వెనక్కి జరుగుతుంటే, అదీ పెండ్లిచూపులు నడుస్తున్నప్పుడు, ఎట్లా ఉంటుందో నాకు తెలియదా. నిన్ను వద్దనడానికి రాయట్లేదు. 30 ఏండ్లు ల్యాబులో సెంట్రిఫ్యూజ్, అంటే రక్తం ట్యూబులను గిర్రున తిప్పే మిషన్, నడిపినవాడిని. ఆ రక్తం సూదులనే పీఆర్పీ అంటారు: నీ రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మాను నెత్తికి ఎక్కిస్తారు. అందులో సగం పని మాదే, అందుకని రాస్తున్నా.

ముందు నీ జుట్టు ఎందుకు ఊడుతోందో తేల్చుకో, తర్వాతే పైసల సంగతి. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. మీ వదినకు డెంగీ వచ్చింది గుర్తుందా, ప్లేట్‌లెట్లు పడిపోయాయని ఇంటిల్లిపాదీ బొప్పాయి ఆకుల కోసం తిరిగాం? జ్వరం తగ్గిన మూడు నెలలకు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు రావడం మొదలైంది. నేను కంగారుపడి ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే, ఈమధ్య జ్వరం వచ్చిందా అని కూడా అడగకుండా పీఆర్పీ మొదలుపెట్టారు. మూడు సిట్టింగులు, 18 వేలు. జుట్టు వచ్చింది, నేను ఏడాదిపాటు కనపడినవాళ్లందరికీ ఆ క్లినిక్ గురించి గొప్పగా చెప్పాను కూడా. తర్వాత తెలిసిన స్కిన్ డాక్టర్ ఒకాయన నవ్వి, పెద్ద జ్వరం తర్వాతనో కాన్పు తర్వాతనో రెండు మూడు నెలలకు ఊడే జుట్టు మామూలుగా ఆరు నెలల్లో దానంతటదే తిరిగి వస్తుంది, ఆ సూదులు లేకున్నా వచ్చేదే అన్నాడు. ల్యాబు వాడినై ఉండి నాకు తట్టలేదు, చెప్పుకుంటే సిగ్గు.

నీది అట్లాంటిది కాకపోవచ్చు. మీ నాయన నెత్తి చూడు, మా నాయన ఫొటో గోడకు ఉంది అదీ చూడు, రెండు వైపుల నుంచీ ఆస్తి బాగానే వచ్చింది నీకు. కణతల పక్కన మూలలు లోపలికి పోయి, నడినెత్తి పల్చబడుతుంటే అది వంశంలో వచ్చే రకం. అయినా సరే రక్తం, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, బీ12, విటమిన్ డీ ఒకసారి చూపించుకో. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరికీ మామూలే, బాత్రూంలో జాలీ దగ్గర కూర్చుని లెక్కపెట్టకు. చర్మవ్యాధుల్లో ఎండీ చేసిన డాక్టర్‌కే చూపించు, వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో స్కిన్ ఓపీ ఉంది, లైన్‌లో నిలబడే ఓపిక ఉంటే అక్కడా చూస్తారు. మీ అమ్మ వేములవాడలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంటోంది. మొక్కు ఉంటే తీర్చుకోండి, రాజన్న మీద నాకూ భక్తే, కానీ గుండు కొట్టించినందుకు వేర్లేమీ మారవు. మొద్దుగా కత్తిరించిన కొస కాబట్టి మందంగా కనపడుతుంది, అంతే.

పీఆర్పీ చేసేదేమిటంటే, సన్నబడినా ఇంకా బతికున్న వేరుకు బలం ఇవ్వడం. మొలక ఉన్న చేనుకు యూరియా చల్లినట్టు. విత్తనమే లేని చోట, అంటే నున్నగా మెరిసే చోట, ఎన్ని బస్తాలు చల్లినా ఏం లాభం. వచ్చినది శాశ్వతం కూడా కాదు: సాధారణంగా నెలకొకటి చొప్పున మూడు నాలుగు, తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకటి వేయించుకుంటూ ఉండాలి. అందుకే చాలామంది డాక్టర్లు ముందు నెత్తికి రాసుకునే మినాక్సిడిల్ మందు రాస్తారు, మగవాళ్లకైతే ఫినాస్టరైడ్ మాత్ర గురించి మాట్లాడతారు. ఫినాస్టరైడ్‌తో కొందరికి సంసారపరమైన ఇబ్బందులు వస్తాయి, సిగ్గుపడకుండా ఆ మాట అడిగి తెలుసుకో. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తలో ఇంకొంచెం ఊడుతుంది, దానికి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ.

ఇక ట్యూబు సంగతి. ఎవరూ చెప్పరు కాబట్టి నేను కాస్త ఎక్కువే చెప్తా. రక్తం గడ్డకట్టకుండా మందున్న ట్యూబులోనే తీయాలి. మామూలు ఎర్ర మూత ట్యూబులో తీస్తే గడ్డకట్టేస్తుంది, పైన తేలేది సీరమే, ప్లేట్‌లెట్లన్నీ ఆ గడ్డలోనే చిక్కుకుంటాయి, నీకు ఎక్కించేది పీఆర్పీయే కాదు. కంపెనీ కిట్లకు మూత రంగులు వేరేగా ఉంటాయి, అందుకని రంగు చూసి గొడవపడకు, ఏ ట్యూబు అని మర్యాదగా అడుగు. సీల్ నీ ముందే చింపాలి, నీ పేరు రాయాలి, మిషన్‌లో ఎదురుగా అంతే బరువున్న ఇంకో ట్యూబు పెట్టాలి, లేకపోతే అది టేబుల్ మీద గడగడలాడుతుంది. తిరిగి ఆగాక చూడు: అడుగున ముదురు ఎరుపు, పైన ఆముదం రంగు ప్లాస్మా, రెండింటి నడుమ సన్నగా పాల మీగడలాంటి తెల్లటి పొర. ప్లేట్‌లెట్లు ఎక్కువుండేది ఆ పొర దగ్గరే, పైపై ప్లాస్మా మాత్రమే లాగితే సారం కిందే ఉండిపోయినట్టు. మన రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలుంటాయి, మంచి పీఆర్పీలో పది లక్షల దాకా తేవాలని చూస్తారు. ప్లాస్మా గులాబీ రంగులో ఉందంటే రక్తం తీసేటప్పుడో కలిపేటప్పుడో ఎర్రకణాలు పగిలాయన్నమాట. పాలలా తెల్లగా ఉంటే, పొద్దున్నే పూరీలూ బోటీ లాగించి వెళ్లావని అర్థం! ఇడ్లీ తిను, నీళ్లు బాగా తాగు, ఖాళీ కడుపుతో వెళ్లి కళ్లు తిరిగి పడకు. వారం ముందు నుంచి నొప్పుల మాత్రలు మింగకు, డైక్లోఫెనాక్ లాంటివి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి.

సూదులు నొప్పే, అబద్ధం చెప్పను. నుదుటి దగ్గర మరీను. మొద్దుబారే ఇంజక్షన్ ఇస్తారా అని ముందే అడుగు. ఒకటి రెండు రోజులు నుదురు ఉబ్బొచ్చు. ఆరోజు తలస్నానం వద్దు, బైక్ మీద పోతే హెల్మెట్ నొక్కుకుంటుంది, మీ తమ్ముణ్ని తోడు తీసుకెళ్లు.

చెల్లె పెండ్లికి మొహం మెరవాలని అదే ప్లాస్మాతో ఫేషియల్ చేయిస్తానంటోందట మీ అమ్మ. బ్యూటీ పార్లర్‌లో మాత్రం వద్దే వద్దు. అమెరికాలో న్యూ మెక్సికోలో లైసెన్స్ లేని ఒక స్పాలో అట్లాంటి ఫేషియల్ చేయించుకున్నవాళ్లకు హెచ్ఐవీ అంటింది, ఆ స్పాను 2018లో మూయించారు. మొటిమల గుంతలకు డాక్టర్ దగ్గర చేయిస్తే కొంత ఉపయోగం ఉంటుంది కానీ రంగు మారుతుందనుకోవద్దు. పెండ్లికి వారం ముందు ఎవరైనా మొహం మీద సూదులు గుచ్చించుకుంటారా, ఎర్రబడి వాస్తే మంగళస్నానాల ఫొటోలు ఏం కావాలి.

ప్యాకేజీ మొత్తం ముందే కట్టకు. ఒక్కో సిట్టింగ్‌కు ఒక్కోసారి కట్టు. మొదటిదానికి ముందు ఒక ఫొటో తీసుకో, అదే కిటికీ, అదే వెలుతురు, అదే పొడవు జుట్టు, మూడు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. జుట్టు నెలకు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, రోజూ అద్దంలో చూస్తే ఏం కనపడుతుంది. ఆరు నెలల తర్వాతా తేడా లేదంటే ఆపేయ్.

ఆదివారం పొద్దున రా, మీ అత్త సర్వపిండి చేస్తానంది. రిపోర్టులు పట్టుకురా, ఆ టోపీ ఇంట్లో పెట్టి రా, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూస్తాను.

మీ మామ