సిలువ చిత్రం ముందు ఏడిస్తే తప్పా?

ప్రశ్న: మాది ఒంగోలు, నాలుగు తరాలుగా బాప్టిస్టులం. మా అబ్బాయికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉద్యోగం. మొన్న వేసవిలో వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, రైల్లో గంట కూడా పట్టదని చెప్పి ఫ్రాన్స్‌లోని కోల్మార్ అనే ఊరికి తీసుకెళ్ళి, అక్కడి మ్యూజియంలో పెద్ద సిలువ చిత్రం చూపించాడు. ప్రభువు ఒళ్ళంతా పుళ్ళు, పచ్చగా కమిలిన చర్మం, వంకర్లు తిరిగిన వేళ్ళు. మొదట మొహం తిప్పుకున్నాను. తర్వాత అక్కడే కూలబడి ఏడ్చేశాను. మా చర్చిలో వట్టి సిలువ తప్ప బొమ్మన్నది ఉండదు. ఏటా గుణదల మేరీమాత కొండెక్కే మా తోటికోడల్ని ఎన్నోసార్లు వేళాకోళం చేసినదాన్ని నేను. ఇప్పుడు నేను చేసింది విగ్రహారాధన అవుతుందా? పాస్టరుగారిని అడగాలంటే మొహమాటం.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు మీరు చూసినదేమిటో చెబుతాను, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

అది ఈసెన్‌హైమ్ బలిపీఠ చిత్రం. 1512-1516 ప్రాంతంలో గ్రూనెవాల్డ్ అనే జర్మన్ చిత్రకారుడు వేశాడు. మ్యూజియం కోసం కాదు, ఈసెన్‌హైమ్‌లో ఆంతోని సన్యాసులు నడిపే మఠం కోసం. ఆ మఠంలో ఆసుపత్రి ఉండేది. ఆ రోజుల్లో యూరప్‌లో ‘ఆంతోని మంట’ అని ఒక భయంకరమైన జబ్బు, రై గింజలకు పట్టే బూజు రొట్టెలో కలిసి కడుపులోకి పోతే వచ్చేది. ఒళ్ళు నిప్పుల్లో పడ్డట్టు మండేది, కాళ్ళూ చేతులూ నల్లబడి కుళ్ళిపోయేవి, కోసి తీసేయాల్సి వచ్చేది. ఆ రోగుల్ని ఈ చిత్రం ముందుకు తీసుకొచ్చేవారని చెబుతారు. వాళ్ళ కళ్ళతో ఒకసారి చూడండి. మీకు భయం పుట్టించిన ఆ పుళ్ళు వాళ్ళకు తెలిసినవే, తమ ఒంటి మీదివే. ‘నిశ్చయముగా అతడు మన రోగములను భరించెను’ అని యెషయా 53లో మనం గుడ్ ఫ్రైడేకి ఎన్నిసార్లు చదివామో లెక్క లేదు, చదివి ఇంటికెళ్ళి భోంచేశాం. ఆ వాక్యాన్ని గ్రూనెవాల్డ్ ప్రభువు చర్మం మీద రాసి చూపించాడు. అదే అధ్యాయంలో ‘అతనికి సురూపమైనను సొగసైనను లేదు’ అని కూడా ఉంది కదా, మన క్యాలెండర్ యేసు బొమ్మల్లో దువ్విన జుట్టు, గులాబీ బుగ్గలు చూసీ చూసీ ఆ మాట మర్చిపోయాం. (ఆ బొమ్మల మీద నాకు కోపమేమీ లేదు. మా అమ్మమ్మ డిసెంబరు అయిపోగానే తేదీల కాగితాలు చింపేసి, బొమ్మ ఉన్న అట్ట మాత్రం గోడకు అలాగే ఉంచేది. ఆ ఇంట్లోనే నేను మోకరించడం నేర్చుకున్నాను.)

ఇక విగ్రహారాధన సంగతి. నిర్గమకాండం 20లో విగ్రహం చేసుకోకూడదు అన్న వెంటనే ‘వాటికి సాగిలపడకూడదు, వాటిని పూజింపకూడదు’ అని ఉంది. అదే నిర్గమకాండం 25లో మందసం (ఆజ్ఞల పలకలుంచిన పెట్టె) మూత మీద బంగారు కెరూబులను, అంటే రెక్కల దూతల బొమ్మలను చేయమని దేవుడే చెప్పాడు, 31లో ఆ పనికి బెసలేలు అనే పనివాణ్ణి పేరుపెట్టి పిలిచాడు. మరి గీత ఎక్కడ? నాకైతే ఇత్తడి సర్పం కథలో తేటగా కనిపిస్తుంది. మోషే దాన్ని దేవుడు చెబితేనే చేశాడు, పాము కాటు తిన్నవాళ్ళు దాన్ని చూసి బతికారు. వందల ఏళ్ళ తర్వాత జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే, హిజ్కియా రాజు అదే సర్పాన్ని ముక్కలు చేశాడు. వస్తువు మారలేదు, జనం దానితో చేసే పని మారింది. మీరు చిత్రాన్ని ఏమీ కోరుకోలేదు, దానికి మొక్కలేదు, అది చెప్పిన సంగతికి ఏడ్చారు. మంచి ప్రసంగం విని ఏడిస్తే ప్రసంగాన్ని పూజించామంటారా?

ఇక్కడ ప్రొటెస్టెంట్లందరూ ఒకే మాట మీద లేరని కూడా తెలుసుకోండి. 1524లో జూరిక్‌లో చర్చిల నుంచి బొమ్మలన్నీ తీయించేశారు. అంతకు రెండేళ్ళ ముందే విట్టెన్‌బర్గ్‌లో బొమ్మలు పగలగొడుతుంటే, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ తన అజ్ఞాతం వదిలి వచ్చి మరీ ఆ గొడవ ఆపాడు. నేను లూథరన్ ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆయన వైపే మొగ్గుతాను, ఆ పక్షపాతం మీరు లెక్కలో వేసుకోండి.

ఆ చిత్రంలో కుడివైపు నిలబడ్డ మనిషిని గమనించారా? బాప్తిస్మమిచ్చు యోహాను, అంటే మీ బాప్టిస్టుల పేరింటి మనిషే. సిలువ నాటికి ఆయన చనిపోయి చాలా కాలమైంది, ఆ సంగతి చిత్రకారుడికి తెలియక కాదు. ఒక చేతిలో తెరిచిన గ్రంథం, రెండో చేతి చూపుడువేలు ప్రభువు వైపు. అంత పొడుగు వేలు ఏ మనిషికీ ఉండదు. ఆ చేతి వెనక ఎర్రటి అక్షరాలతో లాటిన్‌లో ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది’ అని ఉంది. చిత్రంలో అందరికన్నా పెద్దగా ఉన్నది ప్రభువే, ఆయన కాళ్ళ దగ్గర మోకరించిన మగ్దలేనే మరియ చిన్నపిల్లంత ఉంది. కొలతల లెక్కన అది తప్పే, ఆ వాక్యం లెక్కన సరిగ్గా ఉంది. కార్ల్ బార్ట్ అనే పేరున్న ప్రొటెస్టెంట్ వేదాంతి ఈ చిత్రం నకలును తన రాతబల్ల ఎదురుగా పెట్టుకున్నాడు. యోహాను చెయ్యి చూసుకుంటూ పని చేసుకునేవాడు.

ఆ చిత్రానికి తలుపులున్నాయి. మామూలు రోజుల్లో మూసి ఉండేవి, అప్పుడు కనిపించేది మీరు చూసిన సిలువ. పండగలకు తలుపులు తీస్తే లోపల ఇంకో లోకం: దేవదూతల సంగీతం, పసిబిడ్డతో మరియ, చివర్న చీకట్లో సూర్యుడిలా లేచిన ప్రభువు. ఆ ఒంటి మీద ఒక్క పుండు లేదు, చేతుల్లో కాళ్ళల్లో పక్కలో గాయాలు మాత్రం ఉన్నాయి. ఇప్పుడు మ్యూజియంలో ఆ పలకల్ని విడదీసి వరసగా నిలబెట్టారు. మీరు మొదటిదాని దగ్గరే కూలబడ్డారేమో, మళ్ళీ వెళ్తే వెనక వైపు దాకా నడవండి. తోటికోడలి సంగతి మీ ఇంటి వ్యవహారం. కానీ ఫోన్లో ఫొటో ఉంటే మాత్రం ఆవిడకు పంపండి, ఏమంటారో నాకూ రాయండి.

ప్రశ్న: మెదక్ చర్చి అద్దాల కిటికీల గురించి అందరూ గొప్పగా చెబితే హైదరాబాద్ నుంచి కారేసుకుని వెళ్ళాం. దారిలో ఆలస్యమై పొద్దుపోయాక చేరాం. నల్లగా ఏదో కనిపించింది, అంతే. దీనికా ఇంత హడావుడి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పు కిటికీది కాదు నాయనా, టైముది. రంగుటద్దం బొమ్మకు వెలుగు వెనక నుంచి రావాలి. సూర్యుడు లేకపోతే ఆ చిత్రమే లేదు, లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. మూడు కిటికీలున్నాయి: క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. పదేళ్ళు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన చర్చి అది. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించారు. ఈసారి పొద్దున్నే బయల్దేరండి. బల్ల మీద కూర్చుని ఒకే కిటికీని అరగంట చూడండి, మబ్బు అడ్డొచ్చి పోతే రంగులు ఎలా మారతాయో కనిపెట్టండి. ఫోను కారులోనే వదిలేస్తే ఇంకా మంచిది.