గ్లూకోజు సీసా కంటే ముందు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

పొద్దున ఫోనులో సగం మాటలు తెగిపోయాయి. అందుకే రాసి, రేపు మొదటి రైలుకే మీ తమ్ముడి చేత గుణుపురం పంపుతున్నాను. అల్లుడు పది రోజులుగా అన్నం ముట్టడం లేదనీ, తాగింది తాగినట్టే కక్కేస్తున్నాడనీ అన్నావు. పొద్దున్నే, ఇంకా చుక్క నోట్లో పడకముందే తూలుతున్నాడన్నావు చూడు, అక్కడే నా గుండె జారిపోయింది.

మీ పెదనాన్నకీ సరిగ్గా అలాగే మొదలైంది. రాత్రిది ఇంకా దిగలేదులే అనుకుని మూడు రోజులు పడుకోబెట్టాను. లేచి నడిస్తే వానకి నానిన పొలంగట్టు మీద నడుస్తున్నట్టు కాళ్లు ఎడంగా వేసేవారు. టీ గ్లాసు అందిస్తే పక్కనున్న గాలిని పట్టుకునేవారు, రెండు గ్లాసులు కనబడ్డాయట. నువ్వూ అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, నీ వేలు చూడమని నెమ్మదిగా పక్కకి జరుపు. కనుగుడ్లు అదురుతున్నాయా, ఒక పక్కకి కదలకుండా నిలిచిపోతున్నాయా చూడు. అలాగని మతి, చూపు, నడక మూడూ చెడితేనే ఆ జబ్బు అనుకోకు. చాలామందిలో ఒకటో రెండో కనబడతాయి, అంతే.

దీన్ని వెర్నికీ జబ్బంటారు. 1881లో ఆ పేరుగల జర్మనీ డాక్టరు ముగ్గురు రోగుల్లో చూసి రాశాడు. ఆ ముగ్గురిలో ఒకామె తాగుబోతు కాదు, ఆమ్లం మింగి వాంతులు ఆగక అలా అయింది. అసలు లోటు బీ1 విటమినుది, అదే థయమిన్. ఒంట్లో దాని నిల్వ 30 మిల్లీగ్రాముల లోపే. తిండి ఆగిపోతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. తాగుడు కడుపు నింపినట్టే ఉంటుంది గానీ అందులో బీ1 ఉండదు. పైగా తిన్నదాంట్లో ఉన్నదాన్ని కూడా పేగు సరిగా పీల్చుకోనివ్వదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నాలుగో రోజు దగ్గరలో ఉన్న ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. నీరసం అని రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించి పంపాడు. సాయంత్రానికి మీ పెదనాన్న నన్నే "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. పంచదారని శక్తిగా మార్చుకోవడానికి మెదడుకి బీ1 కావాలి. ఉన్న కాస్తా ఆ సీసాలకే ఖర్చయిపోయింది. ఈ సంగతి బరంపురం పెద్దాసుపత్రిలో నర్సమ్మ చెప్పేదాకా నాకు తెలీదు. అందుకని ఆలస్యం చెయ్యకుండా అల్లుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లు. వెళ్లగానే డాక్టరుతో, తెలుగులోనో ఒడియాలోనో, ఒకే మాట చెప్పు: "రోజూ తాగే మనిషి, పది రోజులుగా తిండి లేదు, వాంతులు, గ్లూకోజుకి ముందే బీ1 ఇంజక్షన్ ఇవ్వండి." షుగరు పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజు వద్దని గొడవ చెయ్యకు, అది ప్రాణం నిలబెట్టేది. రెండూ కలిపి ఇమ్మను. మాత్రలు చాలవు, నరానికే ఎక్కించాలి. మీ పెదనాన్నకి పూటకి 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడు పూటలా ఇచ్చారు. స్కాను వచ్చేదాకా ఆగుదామంటే ఒప్పుకోకు, స్కాను బాగానే ఉన్నా జబ్బు ఉండొచ్చు. మెగ్నీషియం కూడా చూడమను, అది తక్కువైతే బీ1 ఇచ్చినా పట్టదు.

ఇంకో సంగతి. కోపంతో సీసాలు పారబోసి ఇంట్లో బంధించి మాన్పిద్దామనుకోకు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్సు రావచ్చు, గోడ మీద పురుగులు కనబడి కేకలు పెట్టవచ్చు. ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. మానడం ఆసుపత్రి మంచం మీదే జరగాలి. 108కి ఫోను చెయ్యి.

ఆలస్యమైతే ఏమవుతుందో మా ఇంట్లో చూశావుగా. కళ్లు వారంలో కుదుటపడ్డాయి, నడక నెలల మీద కొంత వచ్చింది, జ్ఞాపకం మాత్రం పూర్తిగా రాలేదు. దాన్ని కోర్సకాఫ్ అంటారట. ఓ రోజు మధ్యాహ్నం "పొద్దున చిన్న రైలెక్కి నౌపడా వెళ్లి మామిడిపళ్లు తెచ్చాను, ఏవీ?" అన్నారు. ఆ చిన్న రైలు పట్టాలు పీకేసి ఎన్నేళ్లయిందో! మొదట్లో అబద్ధాలకోరని తిట్టాను. అబద్ధం కాదే తల్లీ, ఖాళీ అయిన చోట మెదడే ఏదో ఒకటి అల్లి పెడుతుంది, ఆయనకది నిజమే. వాదించడం మానేసి, "పళ్లు రేపు తిందాంలెండి" అనేదాన్ని. గోడకి పలక కట్టి రోజూ తేదీ, వారం రాసేదాన్ని. కళ్లద్దాలు, చెప్పులు, చెంబు ఉన్నచోటే ఉంచేదాన్ని. అప్పులాళ్లు ఎవరైనా కాగితం పట్టుకొస్తే ఆయన తలూపి సంతకం పెట్టేవారు, అందుకే పాసు పుస్తకాలు, పొలం పట్టాలు నా పెట్టెలో పెట్టాను. అదే ముందు చెయ్యాల్సింది.

తిండి సంగతికొస్తే, ఉప్పుడు బియ్యం ఇంట్లో ఉంచు. మా నాయనమ్మ కాలంలో ఇటు గంజాం నుంచి అటు గోదావరి దాకా బెరిబెరి ఉండేది, అదీ బీ1 లోటుతో వచ్చే జబ్బే. ఉడకబెట్టకుండా తెల్లగా మర పట్టించిన బియ్యం తినేచోటే ఎక్కువ. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు బీ1 లోపలి గింజలోకి ఇంకుతుంది, తవుడు పోయినా మిగులుతుంది. బియ్యం పదిసార్లు కడిగి గంజి వార్చే అలవాటు మానుకో. ఉలవలు, పెసలు, వేరుశనగ పెట్టు. పంది మాంసంలో బీ1 బాగా ఉంటుంది, మీ అత్తగారి మడి ఏమంటుందో నాకు తెలీదు. ఇదంతా ఇంజక్షన్లు అయ్యాకే. ఇప్పుడు ఉలవచారు కాస్తూ కూర్చోకు.

మీ తమ్ముడి దగ్గర ఐదు వేలు పంపాను. ఈ కాగితం వెనక డాక్టరుకి చెప్పాల్సిన మాట ఒడియాలో రాయించాను, నోట మాట రాకపోతే చూపించు. బుధవారం నేనే వస్తాను, ఏ ఆసుపత్రిలో ఉన్నారో ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ