నున్నటి గొట్టం తుపాకీకి స్లగ్గులు ఇంట్లో నింపుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: ఒహాయోలో ఉంటున్నారు, పాత 12 బోర్ పంపు తుపాకీ చవకగా దొరికింది, గొట్టం లోపల మరచుట్లు లేవు, ఈ ఏడాది జింక వేటకు వెళ్ళాలని ఉంది. స్లగ్గు (చిన్న గుళ్ళకు బదులు ఒకే పెద్ద సీసపు గుండు ఉండే తూటా) ఒక్కొక్కటి డాలరు పైమాటే కాబట్టి ఇంట్లో నింపుకుంటే కలిసివస్తుందా అని. నేను ఇదే రాష్ట్రంలో తొమ్మిది సీజన్లుగా అలాంటి తుపాకీతోనే వేటాడుతున్నాను. నాలుగేళ్ళుగా సీసం కరిగించి స్లగ్గులు పోసుకుంటున్నాను కూడా. నా జవాబు: మొదటి ఏడాది వద్దు. ఆ తర్వాత చేసుకోండి, కానీ డబ్బు మిగులుతుందని మాత్రం చేసుకోకండి.

అన్నిటికంటే ముందు వీసా సంగతి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే ఆ మినహాయింపూ పోతుంది, తుపాకీ మాత్రం బీరువాలోనే ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉంటే ఈ చిక్కు లేదు. మీ పరిస్థితి ఏమిటో మీరు రాయలేదు కాబట్టి చెబుతున్నాను.

ఇక తుపాకీ. 12 బోర్ అంటే ఒక పౌండు సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత వెడల్పు అని అర్థం, సుమారు 18.5 మిల్లీమీటర్లు. లోపల మరచుట్లు లేవు కాబట్టి గుండు గిరగిర తిరుగుతూ బయటికి రాదు. మరి తిన్నగా ఎలా పోతుంది? కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్ 1931లో దీనికి దారి చూపాడు: స్లగ్గు ముందు భాగం మందంగా, వెనక భాగం గిన్నెలా బోలుగా. బరువంతా ముందుండటం వల్ల బ్యాడ్మింటన్ కాక్ లాగా ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. జర్మనీలో విల్హెల్మ్ బ్రెన్నెకె 1898లోనే ఇంకో పద్ధతి పట్టుకున్నాడు. గట్టి సీసపు గుండు వెనక తేలికైన వ్యాడ్ (తుపాకీ మందుకూ గుండుకూ మధ్య ఉండే బిళ్ళ) బిగించి వదిలాడు. అక్కడా సూత్రం అదే. ఫాస్టర్ స్లగ్గు పక్కన కనిపించే ఏటవాలు గాడులను చూసి అవే దాన్ని తిప్పుతాయని నేనూ మొదట్లో నమ్మాను. వాటి అసలు పని చోక్, అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకులోంచి దూరేటప్పుడు సీసం నలగడానికి చోటివ్వడం. అలాగని బాగా ఇరుకైన ఫుల్ చోక్ పెట్టి స్లగ్గు వేయకండి. కాస్తే ఇరుకున్న ఇంప్రూవ్డ్ సిలిండర్ గాని, అసలు ఇరుకే లేని సిలిండర్ గాని సరిపోతాయి.

నా మొదటి ఏడాది తప్పు చెబుతాను. ఖరీదెక్కువ కాబట్టి మంచివే అయి ఉంటాయని శాబో స్లగ్గులు రెండు పెట్టెలు కొన్నాను. ప్లాస్టిక్ తొడుగులో సన్నటి గుండు ఉంటుంది. అవి మరచుట్లున్న గొట్టానికి చేసినవి. నా గొట్టంలోంచి 50 గజాల కాగితానికి వేస్తే రంధ్రాలు గుండ్రంగా పడలేదు, పొడుగ్గా తాళంచెవి రంధ్రాల్లా పడ్డాయి. అంటే గుండు గాలిలోనే పల్టీలు కొట్టి అడ్డంగా తగిలింది. రెండో పెట్టె ఇప్పటికీ షెడ్డులో ఉంది.

తర్వాత మూడు రకాల ఫాస్టర్ స్లగ్గులు, అన్నీ ఒక ఔన్సువే, తెచ్చి ఒకే రోజు బెంచీ మీద కూర్చుని వేశాను. మీరూ ఇదే చేయండి. భుజానికి దన్నుగా ఏదైనా మెత్త పెట్టుకోండి, లేకపోతే పదో తూటాకల్లా కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. ఒక రకం 50 గజాల్లో అయిదింటికి అయిదూ నా అరచేతి కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఇంకో రకం అదే తుపాకీలో, అదే రోజు, అన్నం కంచమంత వెడల్పున చెదిరాయి. ఏ తుపాకీకి ఏది నప్పుతుందో పెట్టె మీద రాసి ఉండదు. నప్పినదాన్ని 75 గజాలకు జరిపితే చెదురు పెరిగింది, 100 గజాల్లో ఒకటి కాగితాన్నే తప్పింది. జింక గుండె, ఊపిరితిత్తులు కలిసి ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాలు. అందుకని నా హద్దు 60 గజాలు అని పెట్టుకున్నాను. నేను కూర్చునే చెట్టు నుంచి 60 గజాల దూరంలో ఒక కంచె గుంజ ఉంది. దానికి అవతల ఎంత పెద్ద కొమ్ములు నడిచి వెళ్ళినా చూసి ఊరుకుంటాను.

కంచె లోపల కూడా తప్పింది ఒకసారి. 40 గజాల్లో, పక్కకు తిరిగి నిలబడిన ఆడజింక. స్లగ్గు దాని వీపు మీదుగా పోయింది. ఆ తుపాకీకి మూతి దగ్గర ఒక్క పూస తప్ప గురి చూసుకునే సైటు లేదు. అలాంటప్పుడు వెనక సైటు మీ కన్నే. తగిలిందో లేదో చూడాలన్న ఆత్రంలో చెంపను తుపాకీ చెక్క మీంచి పైకెత్తాను, గుండు కూడా పైకే పోయింది. పైగా కాగితం మీద సాధన చేసింది సెప్టెంబరులో పల్చటి చొక్కాతో, వేట డిసెంబరులో దూదికోటుతో. అప్పుడు తుపాకీ భుజానికి మునుపటిలా ఆనదు. ఆ శీతాకాలమే ముందూ వెనకా సైట్లున్న 20 అంగుళాల నున్నటి గొట్టం కొని బిగించాను. తుపాకీ మీద నేను పెట్టిన ఖర్చుల్లో పశ్చాత్తాపం లేనిది అదొక్కటే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. నింపడం కష్టమేమీ కాదు, ఓపిక పని. నేను లీ కంపెనీ అచ్చులో 7/8 ఔన్సు స్లగ్గు పోస్తాను. అది మామూలు ప్లాస్టిక్ వ్యాడ్ గిన్నెలో కూర్చుంటుంది కాబట్టి చిన్న గుళ్ళ తూటాలు నింపే ప్రెస్‌తోనే పనైపోతుంది. మెత్తటి సీసం కావాలి. అచ్చు చల్లగా ఉంటే స్లగ్గు ముడతలు పడుతుంది, లోపల గాలి బుడగ మిగులుతుంది. బుడగ కంటికి కనబడదు, తక్కెడకు దొరుకుతుంది. ప్రతిదాన్నీ తూచి తేలికైనవి మళ్ళీ కుండలో వేస్తాను. కరిగిన సీసంలోకి ఒక్క చుక్క తడి పోయినా అది పేలినట్టు చిమ్ముతుంది. తలుపులు తెరిచి, కళ్ళద్దాలు పెట్టి, పిల్లలు లేనప్పుడు చేయండి, తర్వాత చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. తుపాకీ మందు కొలత ఎవరినీ అడగకండి, నన్ను కూడా. ఖాళీ తొడుగు, ప్రైమరు (మందుకు నిప్పు అంటించే చిన్న టోపీ), వ్యాడ్, మందు, స్లగ్గు, ఈ అయిదూ మందు తయారీదారు ప్రచురించిన పట్టికలో ఎలా ఉంటే అలాగే ఉండాలి. ఆ ప్రైమరు దొరకలేదని వేరేది పెడితే పీడనం ఎక్కడికి పోతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంత చేశాక నాకు తేలింది ఏమిటంటే, నా ఇంటి స్లగ్గు, కొట్టులో కొన్న స్లగ్గు ఒకే చోట పడవు. 50 గజాల్లో నావి నాలుగు అంగుళాలు ఎడమకు, కాస్త కిందికి పడతాయి. అందుకని ఇంటివాటితో సైటు సరిచేయడం కుదరదు. అవి ఉన్నది చెంప ఆనించడం, మీట మెల్లగా నొక్కడం, ఉలిక్కిపడకపోవడం నేర్చుకోవడానికి. ఏడాదికి ఎనభై, తొంభై వేస్తాను. వేటకు మాత్రం కొట్టువే తీసుకెళ్తాను, నవంబరు చివర్లో అయిదింటితో సైటు మళ్ళీ చూసుకుని. సీజను మొత్తానికి జింక మీద ఖర్చయ్యేది ఒకటో రెండో తూటాలు. ప్రెస్, అచ్చు, సీసం కుండ కొన్న డబ్బు ఆ ఒకటీ రెండింటి మీద ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో మీరే లెక్కవేసుకోండి.

ఒహాయోలో 2014 నుంచి తిన్నటి గోడల తూటా (తొడుగు మెడ దగ్గర సన్నబడనిది) వేసే రైఫిళ్ళకు కూడా అనుమతి ఉంది, మా చుట్టుపక్కల చాలామంది వాటికి మారిపోయారు. మీ తుపాకీ చవకగా దొరకడానికి కారణం అదే అయి ఉంటుంది. నాకు నున్నటి గొట్టమే ఇష్టం. 60 గజాల్లోకి జింక రావాలంటే గాలివాలు, దాని దారి తెలుసుకోవాలి, అందులోనే నాకు సరదా. మీ పంపు తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా మ్యాగజైనులో అడ్డుపుల్ల ఉందో లేదో చూసుకోండి, జింక వేటకు ఇక్కడ అది తప్పనిసరి. ఇతరుల పొలంలో వేటాడాలంటే యజమాని రాసిచ్చిన అనుమతి కావాలి.

చివర్లో మీరు, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అక్కడా ఇలా వేటాడవచ్చా అని అడిగారు. కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల దుప్పి, కణుజు, కృష్ణజింక వేట అక్కడ నేరం. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. మా అమ్మకు ఫోనులో ఇక్కడి జింక కూర సంగతి చెబితే ఇప్పటికీ గొంతు తగ్గించి, "గట్టిగా అనకురా" అంటుంది.