హ్యామ్ ముచ్చట్లు: వెయ్యి రూపాయల లోపు ప్యాకెట్ మోడెం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్యాకెట్ రేడియో గురించే, అంటే అభిరుచిగా నడిపే హ్యామ్ రేడియో సెట్ల ద్వారా కంప్యూటర్ రాతను పంపుకోవడం గురించి. ఈ శీర్షిక మొదలుపెట్టిన దగ్గర్నుంచి నేను ఎదురు చూస్తున్న ప్రశ్నలివి. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే సంచికకు వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్కారమండీ. నాకు జనరల్ గ్రేడ్ లైసెన్సు వచ్చి ఆరు నెలలైంది. బావోఫెంగ్ యూవీ-5ఆర్ చేతి రేడియో సెట్టు, ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్నాయి. ప్యాకెట్ చేద్దామని టీఎన్‌సీల (ప్యాకెట్ మోడెం పెట్టెల) ధరలు చూస్తే సెట్టు ఖరీదు కంటే ఎన్నో రెట్లు ఉన్నాయి. తక్కువలో అయ్యే దారి చెప్పగలరా?
(డిగ్రీ విద్యార్థి, అనకాపల్లి)

జవాబు: టీఎన్‌సీ కొనకండి బాబూ. అది చేసే పనంతా మీ ల్యాప్‌టాప్‌కి వచ్చు. మీకు కావలసింది ల్యాప్‌టాప్‌నీ సెట్టునీ కలిపే మంచి తీగ, అంతే.

అసలు ఆ పెట్టెలో ఏముంటుందో చూడండి. 1200 బాడ్ (సెకనుకు 1200 బిట్ల) ప్యాకెట్ అంటే రెండు ఈలలు. 1200 హెర్ట్జ్‌ది ఒకటి, 2200 హెర్ట్జ్‌ది ఇంకొకటి. పాత టెలిఫోన్ మోడెంల బెల్ 202 పద్ధతే ఇది. ఆ ఈలలు పుట్టించడం, విని గుర్తుపట్టడం, వాటిని ఏఎక్స్.25 అనే ప్యాకెట్ నియమం ప్రకారం ఫ్రేములుగా (సందేశపు ముక్కలుగా) కట్టడం, ఎయిర్ (రేడియో ఛానెల్) ఖాళీగా ఉన్నప్పుడు పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే మీట) నొక్కడం, ఇదీ టీఎన్‌సీ పని. 1980ల్లో అమెరికాలో టూసాన్ హ్యాములు టీఎన్‌సీ-2 తయారు చేసేనాటికి ఇళ్ళలోని కంప్యూటర్లకు ఇంత పని చేసే శక్తి లేదు. అందుకే వేరే ప్రాసెసర్‌తో వేరే పెట్టె కావలసి వచ్చింది.

తర్వాత జర్మనీ వాళ్ళు బేకామ్ అనే మోడెం తెచ్చారు. ఫ్రేములు కట్టే పని డాస్ కంప్యూటర్‌కి అప్పగించి, ఈలల పనికి మాత్రం టీసీఎం3105 అనే ఒక్క చిప్పు పెట్టారు. కరెంటు కూడా సీరియల్ పోర్టు నుంచే తీసుకునేది. నేను ప్యాకెట్ నేర్చుకున్నది దాని మీదే. చిప్పు మా బావగారు సింగపూర్ నుంచి వస్తూ తెచ్చిపెట్టారు. దానికి 4.4336 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కావాలి. ఎక్కడ దొరుకుతుందా అని వారం రోజులు తిరిగాను. తీరా చూస్తే మన కలర్ టీవీల్లో రంగుల కోసం వాడేది అదే క్రిస్టల్! వీధి చివర టీవీ మెకానిక్ దగ్గర పాడైన బోర్డు అడిగి తెచ్చుకుని, టంకం కరిగించి ఆ వెండిరంగు డబ్బాను ఊడదీశాను. రాత్రి పదకొండింటికి మొదటి ఫ్రేము తెర మీద పడింది. మా ఆవిణ్ణి నిద్ర లేపి మరీ చూపించాను.

ఇప్పుడు ఆ చిప్పూ అక్కర్లేదు. ఈలల పని కూడా సౌండ్ కార్డే చేస్తుంది. డైర్‌వుల్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. ఈల గుర్తుపట్టడంలో పాత చిప్పుల కంటే దీని చెవి చురుకు. విండోస్ ఒక్కటే వాడేవాళ్ళకు యూజెడ్7హెచ్‌ఓ సౌండ్‌మోడెం కూడా బాగుంటుంది.

ఇక తీగ సంగతి. ల్యాప్‌టాప్‌లోని సౌండ్ కార్డు వాడకండి, రెండు మూడు వందల్లో వచ్చే యూఎస్‌బీ సౌండ్ కార్డు వేరే తీసుకోండి. లేకపోతే వాట్సాప్ టింగుమన్నప్పుడల్లా అది ఎయిర్ మీదికి పోతుంది. సెట్టుకి రెండు పిన్నులుంటాయి కదా, 3.5 మిల్లీమీటర్లది, 2.5 మిల్లీమీటర్లది. ఆ జంట పిన్ను ఉన్న పాత ఇయర్‌ఫోన్ తీగ కోసుకుంటే సరిపోతుంది. చిన్న పిన్ను కొస స్పీకరు, దాని మొదలు గ్రౌండు. పెద్ద పిన్ను నడిమి రింగు మైకు. పెద్ద పిన్ను మొదలును చిన్న పిన్ను మొదలుతో కలిపితే పీటీటీ పడుతుంది. కోసిన తీగల రంగులు నమ్మకండి, మల్టీమీటరుతో ఒక్కొక్కటీ చూసుకోండి.

ఆ కలిపే పని చేసేది పీసీ817 అనే ఆప్టోకప్లరు (వెలుగుతో నడిచే చిన్న స్విచ్చు), పది పదిహేను రూపాయలది. దాన్ని యూఎస్‌బీ సీరియల్ మాడ్యూల్‌లో ప్రోగ్రాం ఆన్-ఆఫ్ చేయగల ఆర్‌టీఎస్ కాలుతో నడపాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ మాడ్యూళ్ళలో ఆర్‌టీఎస్ ఆన్ అంటే కాలు సున్నా వోల్టులకు దిగుతుంది, పైకి లేవదు. కాబట్టి ఆప్టో ఎల్ఈడీ ఆనోడును ఒక రెసిస్టర్ మీదుగా మాడ్యూల్ వీసీసీకి, క్యాథోడును ఆర్‌టీఎస్‌కి కలపండి. అవతలి వైపు కలెక్టరు పెద్ద పిన్ను మొదలుకి, ఎమిటరు చిన్న పిన్ను మొదలుకి.

సౌండ్ కార్డు నుంచి మైకుకి వెళ్ళే దారిలో సిగ్నల్‌ను పదోవంతుకు తగ్గించే రెండు రెసిస్టర్లు, మైకు వోల్టేజీని ఆపే ఒక కెపాసిటరు పెట్టండి. వీలైతే ఆడియో దారులు రెండింటిలోనూ ఒక్కో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. కొనక్కర్లేదు, పాత డయల్-అప్ మోడెం కార్డు మీద ఫోన్ జాక్ పక్కన ఉండే చిన్న డబ్బా అదే. హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. అన్నీ కలిపినా వెయ్యి దాటదు.

సెట్టులో వాక్స్ (శబ్దం వింటే తనే పీటీటీ వేసే హంగు) ఉంది కదా, ఆప్టో ఎందుకు అంటారేమో. వాక్స్ ఆలస్యంగా పడుతుంది, ఈల ఆగాక కూడా కాసేపు వదలదు. ఆ కాసేపట్లోనే అవతలివాడి జవాబు వచ్చి పోతుంది. ఆ పది రూపాయల దగ్గర లోభించకండి.

ప్రశ్న: మీరు ఇదివరకు చెప్పినట్టే తీగ చేశాను. ఇతరుల ప్యాకెట్లు బాగా వస్తున్నాయి. నేను పంపినవి మాత్రం ఒక్కరికీ డీకోడ్ కావడం లేదు. పక్క వీధిలో ఉన్న హ్యామ్‌కి కూడా! సిగ్నల్ నిండుగా ఉందంటున్నాడు.
(ఖమ్మం పాఠకుడు)

జవాబు: సిగ్నల్ నిండుగా ఉండి డీకోడ్ కాలేదంటే మీ ఆడియో ఎక్కువైందని అర్థమండీ. నా దగ్గరకు వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. గొంతైతే కొంచెం పగిలినా మనిషి చెవి సర్దుకుంటుంది. ఈల పగిలితే దాని ఆకారం పోతుంది. బావోఫెంగ్ మైకు చాలా సున్నితం, దానికి కొన్ని మిల్లీవోల్టులు చాలు.

పక్క వీధి మిత్రుణ్ణి ఇంకో సెట్టుతో మీ ఇంటికే పిలవండి. పవరు తక్కువలో పెట్టండి, యాంటెనా బదులు డమ్మీ లోడు (సిగ్నల్‌ను బయటికి పోనీయకుండా మింగేది) ఉంటే మరీ మంచిది. సౌండ్ కార్డు వాల్యూం సున్నాకి దించి, ప్యాకెట్ పంపుతూ కొంచెం కొంచెం పెంచండి. రెండో సెట్టులో ఈల పెద్దదవుతూ వస్తుంది. ఒకచోట, మీరు పెంచుతున్నా అది పెరగదు. సెట్టులోని లిమిటరు పైభాగం నరికేస్తోందన్నమాట. అక్కణ్ణుంచి దాదాపు సగానికి దించండి. ఆ సెట్టు దగ్గర కూడా డైర్‌వుల్ఫ్ నడుస్తుంటే, వచ్చిన ప్రతి ఫ్రేము ముందు ఆడియో లెవెల్ అని ఒక అంకె, పక్కనే బ్రాకెట్లో రెండు ఈలలకు రెండు అంకెలు చూపిస్తుంది. బయటి అంకె 50 దగ్గర ఉండేలా అక్కడి రిసీవ్ వాల్యూం సర్దాలి. లోపలి రెండూ మరీ దూరంగా ఉంటే ఒక ఈల గట్టిగా, ఒకటి నీరసంగా వెళ్తోందని గ్రహించండి.

అప్పటికీ కాకపోతే టీఎక్స్ డిలే, అంటే పీటీటీ పడ్డాక ప్యాకెట్ మొదలుపెట్టే ముందు ఆగే సమయం, చూడండి. పీటీటీ పడిన క్షణంలోనే సెట్టు పూర్తి పవరుకి రాదు, అవతల స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరు ఆపే ఏర్పాటు) తెరుచుకోవడానికీ కొంత సమయం పడుతుంది. డైర్‌వుల్ఫ్‌లో మామూలుగా 30 ఉంటుంది, అంటే 300 మిల్లీసెకన్లు. దాన్ని 50 చేసి చూడండి. పని చేస్తే మళ్ళీ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రండి. ఎయిర్ అందరిదీ, ఊరికే ఎక్కువసేపు పట్టుకోకూడదు.

మీ సెట్టు మెనూలో ఇంకో రెండు పనులు. మూడో మెనూ బ్యాటరీ సేవింగ్ ఆపేయండి, ఏడో మెనూ డ్యుయల్ వాచ్ కూడా ఆపేయండి. అవి ఉంటే సెట్టు నిద్రపోయో, రెండో ఫ్రీక్వెన్సీ చూడబోయో ప్యాకెట్ మొదలు మింగేస్తుంది. విండోస్‌లో మైకుకి ఉండే ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ తగ్గించే హంగులన్నీ తీసేయండి. అవి మాటల కోసం పెట్టినవి, ఈలల్ని చెడగొడతాయి.

ప్రశ్న: చేతిలో సెల్‌ఫోన్ ఉండగా సెకనుకు 150 అక్షరాలు పంపే ఈ పాత పద్ధతి ఎందుకండీ? మాట్లాడుకోవడానికి వాయిస్ ఉండనే ఉంది కదా.
(విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి)

జవాబు: అమ్మా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖ మీదికి వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు పోయాయి. కారు బ్యాటరీ మీద టూ మీటర్ సెట్టు పెట్టుకుని మాలో కొందరం కబుర్లు అందిస్తూ కూర్చున్నాం. మర్నాడు ఒక శిబిరం నుంచి ఇన్సులిన్ వయల్స్ కావాలని కబురొచ్చింది. దూరం ఎక్కువని మధ్యలో ఒక స్టేషన్ అందుకుని తిరిగి చెప్పింది. అక్కడ ‘ఫిఫ్టీన్’ అన్నారు. నా కాగితం మీద 50 అని పడింది. హోరు, అలసట, చుట్టూ మనుషుల అరుపులు. యాభై వయల్స్ ఒకేచోటికి వెళ్ళాయి. ఇంకోచోట తక్కువ పడ్డాయని సాయంత్రం తెలిసింది. ఆ కాగితం ఇప్పటికీ నా లాగ్ పుస్తకంలోనే ఉంది. అంకెలను విడివిడిగా ‘వన్ ఫైవ్’ అని చెప్పించాలని నాకు తెలుసు. ఆ పూట చెప్పించలేదు.

ప్యాకెట్లో ఇలా జరగడం చాలా అరుదు. ప్రతి ఫ్రేము చివరా 16 బిట్ల సరిచూపు లెక్క ఒకటి వెళ్తుంది. అవతలి మోడెం తనకు అందిన దానితో ఆ లెక్క మళ్ళీ కట్టి చూస్తుంది. తేడా వస్తే ఫ్రేము మొత్తాన్ని పారేస్తుంది. కనెక్ట్ అయి మాట్లాడుకుంటుంటే మళ్ళీ పంపమని అడుగుతుంది. 15 వస్తే దాదాపు ఎప్పుడూ 15గానే వస్తుంది, లేకపోతే రానే రాదు. కనెక్ట్ అయి ఉన్నప్పుడు రాకపోతే మనకు తెలుస్తుంది, మళ్ళీ అడుగుతాం. తప్పుగా వచ్చింది మాత్రం మందు చేతికి అందేదాకా తెలియదు. నలభై పేర్ల జాబితా, రక్తం గ్రూపులు, మందుల మోతాదులు పంపాల్సి వస్తే నేను ఇక గొంతును నమ్మను. వాటికి 150 అక్షరాల వేగం చాలమ్మా.

ఈ సందర్భంలో డైర్‌వుల్ఫ్ వాడేవాళ్ళకు ఒక మాట. అందులో ఫిక్స్ బిట్స్ అని ఒక సెట్టింగు ఉంది. చెడిన బిట్టును తనే ఊహించి సరిదిద్దుతుంది. సరదాగా ప్యాకెట్లు వినేటప్పుడు బాగుంటుంది కానీ, ఇలాంటి పనికి దాన్ని సున్నాలో పెట్టండి. ఊహ మనకొద్దు.

ప్రశ్న: ప్యాకెట్లో తెలుగులో రాసి పంపవచ్చా?
(ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: నిక్షేపంగా పంపవచ్చు. ఏఎక్స్.25కి భాషతో పని లేదు, బైట్లు ఇస్తే బైట్లు చేరవేస్తుంది. రెండు వైపులా టెర్మినల్ ప్రోగ్రాం (టైపు చేసి పంపే, వచ్చింది చూపించే ప్రోగ్రాం) యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఉండాలి. బరువు మాత్రం చూసుకోవాలి. ఇంగ్లిషు అక్షరం ఒక బైటు. తెలుగులో అక్షరం, గుణింతం, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా మూడేసి బైట్లు. ‘మందులు కావాలి’ అన్న రెండు మాటలకు 37 బైట్లు. అదే ఇంగ్లిషు లిపిలో రాస్తే 14. ఒక ఫ్రేములో మామూలుగా 256 బైట్లు పడతాయి. అది ఎయిర్ మీద రెండు సెకన్ల పైచిలుకు. ఫ్రేము అంచున ఒక అక్షరం మూడు బైట్లూ రెండు ముక్కలైతే కొన్ని ప్రోగ్రాములు డబ్బాలు చూపిస్తాయి, అందుకని చిన్న చిన్న వాక్యాలు రాసి ఎంటర్ నొక్కుతూ ఉండండి. ఏపీఆర్‌ఎస్ (స్థానం, చిన్న సందేశాలు పంపే ప్యాకెట్ పద్ధతి) సందేశాలకు 67 అక్షరాల హద్దు ఉంది. బైట్లలో లెక్క కట్టే పరికరమైతే తెలుగుకు 22 గుర్తులే మిగులుతాయి, అక్కడ కష్టం.

మా బృందంలో మేము జాబితాల్లో అంకెలు, మందుల పేర్లు ఇంగ్లిషులో, మిగతా మాట తెలుగులో పంపుకుంటున్నాం. వార్త అందుకున్నవాళ్ళు దాన్ని అలాగే చదివి వినిపించగలుగుతున్నారు. రహస్య లిపిలో మాత్రం పంపకూడదు. హ్యామ్ బ్యాండ్ల మీద ఏం రాసినా అందరూ చదవగలిగేలా ఉండాలి.

ప్రశ్న: పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్నాను. లైసెన్సు పరీక్షకు దరఖాస్తు పెట్టాను. ఈలోగా ప్యాకెట్ నేర్చుకునే వీలుందా సార్? మా సీనియర్ తన సెట్టు ఇస్తానంటున్నాడు.
(విద్యార్థి, శ్రీకాకుళం)

జవాబు: సెట్టు వద్దు నాన్నా. లైసెన్సు చేతికొచ్చాకే సెట్టు ముట్టుకో. అప్పటిదాకా రేడియో తరంగాలు లేకుండానే నేర్చుకోవచ్చు. రెండు ల్యాప్‌టాప్‌లలో డైర్‌వుల్ఫ్ వేసి, ఒకదాని హెడ్‌ఫోన్ నుంచి రెండోదాని మైకుకి, రెండోదాని నుంచి మొదటిదానికి ఆడియో తీగలు వేయి. రెండింటిలోనూ టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి డైర్‌వుల్ఫ్ 8000 పోర్టుకి కలుపు. ఒకదాని నుంచి ఒకటి కనెక్ట్ చేసి ఫైలు పంపి చూడు. తీగ కూడా లేకపోతే ఒకదాని స్పీకరు ముందు ఇంకోదాని మైకు పెట్టు, జానెడు దూరంలో పని చేస్తుంది. తర్వాత ఫ్యాను వేసి చూడు, తలుపు తీసి చూడు, వాల్యూం మరీ పెంచి చూడు. ఎప్పుడు డీకోడ్ ఆగిపోతోందో ఒక కాగితం మీద రాసుకో. ఖమ్మం ఆయనకు పైన చెప్పిన సంగతంతా నీకు ఆ బల్ల మీదే అర్థమవుతుంది. ఆ కాగితం నాకు పంపితే చూసి జవాబు రాస్తాను.