ఎన్ని ఉదాహరణలకు సరిపోయినా గణితంలో అది నిరూపణ ఎందుకు కాదు?

గణిత సిద్ధాంతం అంతులేనన్ని సంఖ్యల గురించి మాట్లాడుతుంది, మనం సరిచూడగలిగేది వాటిలో కొన్నింటినే. అందుకే ఉదాహరణలు ఎన్ని ఉన్నా నిరూపణ కావు. చూడనివాటిలో ఒక్కటి ఎదురు తిరిగినా సిద్ధాంతం కూలినట్టే.

గణితవేత్త ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన ఒక సూత్రం చూడండి. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్యను, ఆపైన 41ని కలపాలి. 0తో 41, 1తో 43, 2తో 47, 3తో 53 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. 39 దాకా ఇదే వరస, ఒక్కటీ తప్పదు. ఎవరైనా ఈపాటికి నమ్మేస్తారు! 40 దగ్గర మాత్రం 1681 వస్తుంది, అంటే 41×41. నిజానికి ఇది ముందే ఊహించదగ్గదే: 40×40కి 40 కలిపితే 40×41, దానికి మరో 41 చేరితే 41×41.

లంబకోణ త్రిభుజ భుజాల సంబంధం పైథాగరస్‌కు వెయ్యేళ్లకు పైగా ముందే బాబిలోనియన్లకు తెలుసు. కానీ తెలియడం వేరు, నిరూపించడం వేరు: దేన్నైనా తర్కంతో నిరూపించి తీరాలన్న పట్టుదల గ్రీకులతో బలపడింది.

కంప్యూటర్‌తో కోట్ల సంఖ్యలు సరిచూస్తే చాలన్నది చాలామందికి ఉన్న అపోహ. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనన్న గోల్డ్‌బాక్ ఊహను 4 పక్కన 18 సున్నాలున్న సంఖ్య దాకా సరిచూశారు. 1742 నుంచి ఇప్పటికీ అది ఊహే. అలాగని కంప్యూటర్ పనికిరాదని కాదు. ఏ పటంలోనైనా పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు రంగులు చాలన్న నాలుగు రంగుల సిద్ధాంతాన్ని 1976లో దాని సాయంతోనే నిరూపించారు. పరిశీలించాల్సిన సందర్భాలు పరిమితమేనని ముందుగా తర్కంతో తేల్చుకున్నాకే.